టీవీ డబ్బు అంత వస్తుంటే లోటెందుకు, పాత రైవల్రీలు ఎందుకు ఆగిపోతున్నాయి? (అమెరికా కాలేజీ ఫుట్‌బాల్)

ఇర్వింగ్_గ్యాలరీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మూడు సందేహాలున్నాయి. ఒకదానికొకటి ముడిపడినవే అనిపించి ఒకేచోట పెడుతున్నాను.

2023-24లో టెక్సాస్ యూనివర్సిటీ అథ్లెటిక్స్‌కి దాదాపు 332 మిలియన్ డాలర్లు వచ్చాయి. ఒహాయో స్టేట్‌కి 255 మిలియన్ల దాకా వచ్చాయి. అయినా ఒహాయో స్టేట్ అదే ఏడాది 37 మిలియన్లకు పైగా లోటు చూపించింది. ఇంత రాబడి ఉన్నచోట లోటు ఎలా పుడుతుంది?

ఇక పాక్-12, అంటే పడమటి స్కూళ్ల కాన్ఫరెన్స్ (కలిసి ఆడే, టీవీ హక్కులు కలిపి అమ్ముకునే స్కూళ్ల కూటమి). పన్నెండు స్కూళ్లలో పది, పద్నాలుగు నెలల్లో వెళ్లిపోయాయి. యుఎస్‌సి, యుసిఎల్‌ఎ వెళ్లడం వల్లే కూలిందా, ముందే పుచ్చిపోయి ఉందా?

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ ఆడే బెడ్‌లామ్ 2023తో ఆగిపోయింది. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ ఆడే ఆపిల్ కప్ మాత్రం ఆగలేదు. రెండుచోట్లా కథ ఒకటే: ఒకే రాష్ట్రం, ఒక స్కూలు పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లింది, ఇంకొకటి మిగిలింది. మరి తేడా ఎక్కడొచ్చింది? టెక్సాస్, టెక్సాస్ ఎ అండ్ ఎం ఆట కూడా పన్నెండు సీజన్లు లేకుండా పోయి మళ్లీ వచ్చింది కదా. దీనికేదైనా లెక్క ఉందా, లేక పంతాలేనా?

లెక్కల_గడప:

డబ్బు సంగతి నేను చెప్తాను. మిగతా రెండూ తెలిసినవాళ్లు ఇక్కడున్నారు.

1984 దాకా టీవీలో ఏ ఆట రావాలో, ఏ స్కూలు ఎన్నిసార్లు కనిపించాలో కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సిఎఎ ఒక్కటే తేల్చేది. ఓక్లహోమా, జార్జియా కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు 7-2తో ఆ పెత్తనాన్ని కొట్టేసింది. అప్పట్నుంచి ఫుట్‌బాల్ హక్కులు స్కూళ్లవి, వాటిని మూటగట్టి అమ్మేది కాన్ఫరెన్స్. ప్లేఆఫ్ నడిపేది కూడా ఎన్‌సిఎఎ కాదు, వేరే సంస్థ. దాని ఆఫీసు టెక్సాస్‌లో మీ ఇర్వింగ్‌లోనే ఉంది, బిగ్-12 అనే కాన్ఫరెన్స్ ఆఫీసూ అక్కడే. ఎన్‌సిఎఎ బతికేది ప్రధానంగా మార్చి నెల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మీద. కాన్ఫరెన్స్‌లు తారుమారవుతుంటే ఎన్‌సిఎఎ ఎందుకు చూస్తూ కూర్చుందని చాలామంది అడుగుతారు. ఆపే తాళం దాని దగ్గర 1984 నుంచే లేదు.

పెద్ద స్కూలుకి రాబడి నాలుగు దారుల్లో వస్తుంది: కాన్ఫరెన్స్ పంచే టీవీ-ప్లేఆఫ్ డబ్బు, టికెట్లు, విరాళాలు, స్పాన్సర్లు-లైసెన్సులు. ఇందులో విరాళం అని రాసినదాంట్లో చాలాభాగం నిజానికి సీటు ధరే. మంచి వరసలో కూర్చోవాలంటే ముందు స్కూలు ఫౌండేషన్‌కి ఏటా ఇంత అని కట్టాలి, టికెట్ ధర మళ్లీ వేరే. 2017 చివర్లో పన్ను చట్టం మారేదాకా ఆ కట్టినదాంట్లో 80 శాతానికి మినహాయింపు కూడా దొరికేది.

ఒహాయో స్టేట్ లోటుకి ఒక ముఖ్య కారణం ఆ ఏటి షెడ్యూల్లోనే ఉంది. 2022లో సొంత స్టేడియంలో ఎనిమిది ఆటలు, 2023లో ఆరే. లక్షమందికి పైగా పట్టే చోట రెండు శనివారాలు ఖాళీగా పోతే టికెట్లే కాదు, పార్కింగ్, తినుబండారాలు, ఖరీదైన ప్రైవేటు గదుల అద్దె అన్నీ పోతాయి. జీతాలు, అప్పుల మీద వడ్డీ, 36 క్రీడల ఖర్చు మాత్రం తగ్గవు. ఇలాంటి స్కూళ్లలో డబ్బు మిగిల్చేవి సాధారణంగా రెండే, ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్.

అసలు కారణం ఇంకా లోతున ఉంది. ఈ వ్యవస్థలో లాభం తీసుకునే వాటాదారుడు లేడు. వచ్చింది మిగిలితే చేతకానితనంగా చూస్తారు, పక్కవాడు కట్టిన లాకర్ రూమ్ కన్నా పెద్దది కడితే గెలుపుగా చూస్తారు. అందుకే టెక్సాస్ కూడా 332 వస్తే 325 దాకా ఖర్చుపెట్టింది. కోచ్‌ల కాంట్రాక్టులు ఈ జబ్బుకి ముదిరిన రూపం. 2023 నవంబర్‌లో ఎ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు ఇవ్వాల్సి వచ్చింది దాదాపు 76 మిలియన్లు. నాలుగో వంతు అరవై రోజుల్లో, మిగతాది 2031 దాకా ఏటేటా. మామూలుగా అయితే తీసేసిన కోచ్‌కి వేరేచోట ఉద్యోగం దొరికితే ఆ జీతం మేరకు పాత స్కూలు బాకీ తగ్గాలి. ఆ కాంట్రాక్టులో ఆ షరతే లేదు. సంతకం పెట్టిన రోజే జరిగిన నష్టం అది.

ఇప్పుడు దీనిమీద కొత్త బరువు పడింది. 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సిఎఎ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందాన్ని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. పాత ఆటగాళ్లకి పదేళ్లలో దాదాపు 2.8 బిలియన్ల బకాయిలు. 2025-26 నుంచి ఒప్పందంలో చేరిన స్కూళ్లు ఇప్పటి ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడు పరిమితి 20.5 మిలియన్లు. ఆ అంకె పెద్ద కాన్ఫరెన్స్‌ల స్కూళ్ల సగటు టీవీ, టికెట్, స్పాన్సర్ రాబడిలో 22 శాతం. కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్‌లు 2.5 మిలియన్ల దాకా ఇందులోంచే మినహాయించాలి, కాబట్టి చాలా స్కూళ్ల చేతికి మిగిలేది 18. ఇందులో ఫుట్‌బాల్‌కి 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కి 15, మహిళల బాస్కెట్‌బాల్‌కి 5, మిగతావాటన్నిటికీ కలిపి 5 అని చాలామంది పంచుతున్నారు. అది రూలేమీ కాదు. బకాయిల పంపకానికి వాడిన నిష్పత్తినే ముందుకి లాక్కొచ్చారు.

పడమటి_తీరం:

పాక్-12 గురించి. లాస్ ఏంజెలెస్ స్కూళ్లు రెండూ, అంటే యుఎస్‌సి, యుసిఎల్‌ఎ, బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కి వెళ్లడం దెబ్బే, కాదనను. కానీ ఆ దెబ్బ తర్వాత కూడా ఏడాది టైముంది. ఆ ఏడాదిని చేజేతులా పోగొట్టుకున్నారు.

ముందు ఒక కాగితం గురించి తెలియాలి. దాన్ని గ్రాంట్ ఆఫ్ రైట్స్ అంటారు. స్కూలు తన హోమ్ గేమ్‌ల టీవీ హక్కుల్ని ఫలానా తేదీ దాకా కాన్ఫరెన్స్‌కి రాసిస్తుంది. మధ్యలో వెళ్లిపోతే మనుషులు వెళ్తారు, హక్కులు పాత కాన్ఫరెన్స్ దగ్గరే ఉంటాయి. హక్కులు లేని స్కూలు కొత్త కాన్ఫరెన్స్‌కి ఎందుకు? ఎవరు ఎప్పుడు కదులుతారో తెలియాలంటే ఈ తేదీ చూస్తే చాలు. పాక్-12 తేదీ 2024 వేసవి, టీవీ కాంట్రాక్టుతో పాటే అయిపోయింది. అందుకే ఆ స్కూళ్లు నిష్క్రమణ రుసుము లేకుండా బయటపడ్డాయి. బిగ్-12 తేదీ 2025. ఒక్క ఏడాది ముందు, 2024లోనే, ఎస్‌ఇసి కాన్ఫరెన్స్‌కి వెళ్లడానికి టెక్సాస్, ఓక్లహోమా కలిసి 100 మిలియన్లు వదులుకున్నాయి. ఎసిసి అనే కాన్ఫరెన్స్ తేదీ 2036. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టులకెక్కింది ఆ పన్నెండేళ్ల బందిఖానా మీదే. 2025 మార్చిలో రాజీ కుదిరింది: ఎక్కువమంది చూసే స్కూలుకి ఎక్కువ వాటా, నిష్క్రమణ రుసుము ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 75 మిలియన్లకి వస్తుంది. ఆ ఏడు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

పాక్-12 పుచ్చు 2012లోనే మొదలైంది. బిగ్ టెన్ తన ఛానెల్‌కి ఫాక్స్‌ని భాగస్వామిగా తీసుకుంది, ఎస్‌ఇసి ఇఎస్‌పిఎన్‌ని తీసుకుంది. పాక్-12 మాత్రం నూటికి నూరు శాతం సొంతంగా పెట్టుకుంది. వాటా పూర్తిగా తమదే, నిజమే, కానీ కేబుల్ కంపెనీల మెడ వంచి ఛానెల్ పెట్టించే భాగస్వామి లేడు. డైరెక్ట్‌టీవీ అనే శాటిలైట్ సర్వీసులో అది ఏనాడూ రాలేదు. దానికి తోడు తీరంలో రాత్రి ఏడున్నరకి మొదలయ్యే ఆట తూర్పున పదిన్నర. అవార్డులకి ఓటేసేవాళ్లలో సగం మంది నిద్రలో ఉంటారు.

2022 ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సిబిఎస్, ఎన్‌బిసిలతో ఏడేళ్లకి 7 బిలియన్లు దాటిన ఒప్పందం చేసుకుంది. ఆ శరదృతువులో ఇఎస్‌పిఎన్ పాక్-12కి స్కూలుకి 30 మిలియన్ల చొప్పున ఇస్తామందని, అధ్యక్షులు 50 అడిగారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఈలోపు బిగ్-12 కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ వరస దాటుకుని ముందే వెళ్లి, సగటున ఏటా 31.7 మిలియన్లకి సంతకం పెట్టేశారు. ఇఎస్‌పిఎన్, ఫాక్స్ జేబులో పడమటి తీరానికి ఉంచిన డబ్బు దాంతో అయిపోయింది. చివరికి మిగిలింది ఆపిల్ కంపెనీ: 23 మిలియన్ల చుట్టూ కనీస మొత్తం, చందాదారులు పెరిగితే ఇంకొంచెం. 2023 ఆగస్టు 4 ఉదయం ఆ కాగితం మీద సంతకాలు పెట్టాల్సిన రోజున ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి వెళ్లిపోయాయి. అదే రోజు అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్-12 దారి పట్టాయి. కొలరాడో అంతకు వారం ముందే వెళ్లింది.

వెళ్లినవాళ్లందరికీ ఒకే కంచం పెట్టలేదు. ఆరెగన్, వాషింగ్టన్‌లకి దాదాపు సగం వాటా: 30 మిలియన్లతో మొదలై ఏటా ఒక మిలియన్ పెరుగుతుంది. స్టాన్‌ఫర్డ్, కాల్‌కి (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఎసిసిలో ఏడేళ్లపాటు 30 శాతమే. వాళ్లతో పాటు చేరిన మీ డాలస్ ఎస్‌ఎంయు అయితే తొమ్మిదేళ్లు కాన్ఫరెన్స్ టీవీ డబ్బే వద్దని దాతల బలంతో చేరింది. యుసిఎల్‌ఎ వెళ్లిపోవడం వల్ల కాల్‌కి జరిగిన నష్టానికి ఏటా 10 మిలియన్లు ఇవ్వాలని రీజెంట్లు, అంటే యూనివర్సిటీ పాలక మండలి, తేల్చారు, ఎందుకంటే రెండూ ఒకే యూనివర్సిటీ వ్యవస్థవి.

దీని భారం మోసేది ఫుట్‌బాల్ కాదు. ఫుట్‌బాల్ వాళ్లు చార్టర్ విమానంలో ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లొస్తారు. వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్ అమ్మాయిలు వారం మధ్యలో సీటెల్ నుంచి న్యూజెర్సీ వెళ్లి, మూడు గంటల టైమ్ తేడాతో ఆడి, తిరిగొచ్చి పరీక్ష రాయాలి. ఒక ట్రిప్పులో రెండు ఆటలు కలిపి ఖర్చు తగ్గిస్తున్నారు. డబ్బు తగ్గుతుంది, క్లాసులు పోవడం ఆగదు. ఈ మార్పులన్నిటిలో నన్ను నిజంగా బాధపెట్టేది ఇదొక్కటే.

నవంబర్_శనివారం:

మూడో ప్రశ్నకి. పంతాలున్నాయి, కానీ వాటికన్నా ముందు కూడికలు తీసివేతలు ఉన్నాయి.

రెగ్యులర్ సీజన్ పన్నెండు ఆటలు. కాన్ఫరెన్స్ ఆటలు తొమ్మిదైతే మిగిలేవి మూడు. బడ్జెట్ నిలబడాలంటే హోమ్ గేమ్‌లు ఏడు కావాలి. తొమ్మిది బేసి సంఖ్య కాబట్టి ఒక ఏడు ఐదు ఇంట్లో, మరుసటి ఏడు నాలుగే. నాలుగే ఉన్న ఏడు, మిగిలిన మూడూ ఇంట్లోనే ఆడాలి. అంటే వేరే కాన్ఫరెన్స్‌లో ఉన్న పాత ప్రత్యర్థి ఆ ఏడు మన ఊరికి రావాలి, ఐదున్న ఏడే మనం వాళ్ల ఊరికి వెళ్లగలం. ఈ సరి బేసి కుదిరితే ఆట బతుకుతుంది. అయోవా, అయోవా స్టేట్ చూడండి. 2024లో అయోవాకి ఇంట్లో నాలుగు బిగ్ టెన్ ఆటలు, ఆ ఏడు అయోవా స్టేట్ అక్కడికి వచ్చింది, మొత్తం ఏడు. 2025లో ఇంట్లో ఐదు, అయోవా స్టేట్ ఊరు ఏమ్స్‌కి అయోవా వెళ్లింది, మొత్తం మళ్లీ ఏడు. 1977 నుంచి ఆ ఆట, 2020 కోవిడ్ ఏడు తప్ప, ఆగలేదు. ఈ ఏళ్లన్నిట్లో రెండూ ఒకే కాన్ఫరెన్స్‌లో లేవన్నది గమనించాలి.

కాబట్టి కాన్ఫరెన్స్ మారడం ఒక్కటే రైవల్రీని చంపదు. క్లెమ్సన్, సౌత్ కరోలినా. జార్జియా, జార్జియా టెక్. ఫ్లోరిడా, ఫ్లోరిడా స్టేట్ అన్నీ వేరువేరు గొడుగుల కిందే నడుస్తున్నాయి. వాటికి షెడ్యూల్లో శాశ్వతమైన గడి ఉంది, మిగతా ఆటల్ని దాని చుట్టూ పేరుస్తారు. కొత్తగా విడిపోయినవాళ్లకి ఆ గడి ఉండదు. నాన్-కాన్ఫరెన్స్ ఒప్పందాలు ఎనిమిది పదేళ్ల ముందే రాసుకుంటారు కదా. 2021లో ఓక్లహోమా వెళ్తానని చెప్పేసరికే దాని డైరీలో 2025, 2026కి మిషిగన్ ఉంది, ఓక్లహోమా స్టేట్ డైరీలో అవే రెండేళ్లకి ఆరెగన్ ఉంది. అలాంటి ఒప్పందం రద్దు చేస్తే పరిహారం కట్టాలి, పెద్ద పేరున్న ఆట పోతుంది. 2022లోనే రెండు స్కూళ్లూ ఖాళీ లేదని తేల్చేశాయి. 2023 నవంబర్ 4న స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్ 27-24తో గెలిచింది, మొత్తంమీద ఓక్లహోమాకి 91 గెలుపులు, 20 ఓటములు, 7 డ్రాల దగ్గర సిరీస్ ఆగింది.

ఆపిల్ కప్ వాళ్లు వేరేగా చేశారు. విడిపోయిన కొన్ని నెలల్లోనే, 2023 సీజన్ ముగియకముందే, 2028 దాకా ఒప్పందం రాసుకున్నారు. దానికి చెల్లించిన మూల్యం తేదీ. థ్యాంక్స్‌గివింగ్ వారం నుంచి సెప్టెంబర్‌కి జరిగింది. 2024లో సీటెల్‌లో వాషింగ్టన్ స్టేట్ 24-19తో గెలిచిన ఆటలో చివర్లో గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలో వాషింగ్టన్ నాలుగో డౌన్‌ని, అంటే ఆఖరి ప్రయత్నాన్ని, ఆపేశారు. సీజన్ చివర చలిలో, సీజన్ తర్వాత జరిగే బౌల్ ఆటకి చోటు తేలే రోజున ఆ ఆపు పడి ఉంటే దాని విలువే వేరు. అయినా ఆట ఉంది. అది చాలా పెద్ద విషయం.

టెక్సాస్, ఎ అండ్ ఎం మాత్రం నాకు పంతంగానే కనిపిస్తుంది. 2011లో ఆస్టిన్‌లోని టెక్సాస్ స్కూలు ఇఎస్‌పిఎన్‌తో ఇరవై ఏళ్లకి 300 మిలియన్ల సొంత ఛానెల్ పెట్టుకుంది. ఒకే కాన్ఫరెన్స్‌లో ఒకరికి మాత్రమే అలా ఉంటే పక్కవాడు కూర్చోడు. ఎ అండ్ ఎం 2012లో ఎస్‌ఇసికి వెళ్లింది, 118 ఆటల సిరీస్ ఆగింది. గడి దొరక్కపోవడం సాకు. డాలస్‌లో టెక్సాస్, ఓక్లహోమా ఆట చూడండి: 1996లో బిగ్-12 పుట్టేముందు దశాబ్దాలపాటు వాళ్లూ వేరువేరు కాన్ఫరెన్స్‌లే, అయినా ఏటా ఆడారు. రాష్ట్ర సంత జరిగే మైదానంలోనే కాటన్ బౌల్, స్టేడియం సరిగ్గా యాభై గజాల గీత దగ్గర చీలి సగం నారింజ, సగం ఎరుపు. తటస్థ వేదిక కాబట్టి ఎవరి హోమ్ గేమ్ పోయిందన్న గొడవ సగానికి సగం తగ్గుతుంది. ఆగిపోయిన రైవల్రీలకి నేను సూచించే మందు అదే.

టెక్సాస్ కూడా ఎస్‌ఇసికి వచ్చాక, 2024 నవంబర్ 30న ఎ అండ్ ఎం స్టేడియం కైల్ ఫీల్డ్‌లో టెక్సాస్ 17-7తో గెలిచింది. ఎ అండ్ ఎం విద్యార్థులు తమ పాట పాడుతూ పక్కవాళ్ల భుజాల మీద చేతులేసుకుని, ఒక వరస కుడికి, పై వరస ఎడమకి ఊగుతుంటే పై అంతస్తు కదలడం కాళ్లకి తెలుస్తుంది. ఆట లేని పన్నెండు సీజన్లలోనూ వాళ్ల పాటలో ప్రత్యర్థి పేరు తీసెయ్యలేదు. 2026 నుంచి ఎస్‌ఇసి తొమ్మిది ఆటలకి మారుతోంది, టెక్సాస్‌కి ఏటా తప్పనిసరి ముగ్గురు: ఓక్లహోమా, ఎ అండ్ ఎం, ఆర్కన్సా. ఇకమీద ఇది ఆగదు.

స్టిల్‌వాటర్_నారింజ:

శనివారం గారూ, డైరీ నిండిపోయిందన్న మాట నిజమే కానీ పూర్తి నిజం కాదు. కావాలనుకుంటే 2027 తర్వాత గడులు తెరవచ్చు. ఓక్లహోమా స్టేట్ వైపు వాదన న్యాయమైనది: కాన్ఫరెన్స్‌ని విడిచిపెట్టి వెళ్లింది వాళ్లు, టీవీ వాటా పెరిగింది వాళ్లకి, ఇప్పుడు షెడ్యూల్ సర్దుకోవాల్సింది మేమా? పైగా మేం గెలిస్తే వాళ్ల సీజన్‌కి చిన్న మచ్చ, ఓడితే మాకు ప్లేఆఫ్ అవకాశమే పోతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. బెడ్‌లామ్ పూర్తిగా పోలేదు. ఎస్‌ఇసిలో రెజ్లింగ్ లేదు కాబట్టి ఓక్లహోమా రెజ్లర్లు ఇప్పటికీ బిగ్-12లోనే ఉన్నారు. రెజ్లింగ్‌లో ఈ రెండు స్కూళ్ల చరిత్ర ఫుట్‌బాల్ కన్నా బరువైనది. ఫుట్‌బాల్ లేదని బాధపడేవాళ్లు ఒక్కసారి మ్యాట్ పక్కన కూర్చుని చూడండి.

ఇర్వింగ్_గ్యాలరీ:

చాలా థ్యాంక్సండీ అందరికీ. గడప గారూ, ఒక్క స్కూలు లెక్క నేనే సొంతంగా చూసుకోవాలంటే ఏ కాగితం తియ్యాలి? నెట్‌లో ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తోంది.

లెక్కల_గడప:

అంకెలు కలవకపోవడానికి కారణం రెండు వేరువేరు రిపోర్టులు. విద్యాశాఖకి ఇచ్చేది ఒకటి. అది మహిళలకి, పురుషులకి సమానత్వం చూడటానికి పుట్టింది, అందులో చాలా స్కూళ్లు రాబడి, ఖర్చు సరిసమానంగా చూపిస్తాయి. లోటు వెతకడానికి అది పనికిరాదు. మీకు కావాల్సింది ఎన్‌సిఎఎకి ప్రతి జనవరిలో ఇచ్చే ఆర్థిక రిపోర్టు. చాలా స్కూళ్లకి అది జులై 1 నుంచి జూన్ 30 దాకా లెక్క. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఈమెయిల్ రాస్తే పంపుతారు, చాలావాటిని నైట్-న్యూహౌస్ డేటాబేస్‌లో ఉచితంగా చూడొచ్చు. ఎస్‌ఎంయు, స్టాన్‌ఫర్డ్, యుఎస్‌సి లాంటి ప్రైవేటువి దొరకవు.

తెరవగానే మొత్తం రాబడి చూడకండి. ముందు విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ నేరుగా ఇచ్చిన సాయం, పరోక్ష సాయం అన్న మూడు వరసలు తీసి మొత్తంలోంచి కొట్టేయండి. మిగిలిందే అథ్లెటిక్స్ సొంతంగా సంపాదించింది. చిన్న కాన్ఫరెన్స్‌ల స్కూళ్లలో ఈ మూడు వరసలే సగం దాటిపోతాయి. మనవాళ్ల పిల్లలు చదివే చాలా యూనివర్సిటీల ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు వేరే వరసగా ఉంటుంది, క్రెడిట్ గంటల లెక్కన పడుతుంది, ఒక్క ఆట చూడకపోయినా కట్టాల్సిందే.

తర్వాత టీవీ డబ్బు. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. కాన్ఫరెన్స్ పంపకం అన్న వరస చూసి ఇంతేనా అనుకుంటారు. కాన్ఫరెన్స్ ద్వారా వచ్చిన టీవీ వాటా మీడియా హక్కులు అన్న వేరే వరసలో ఉంటుంది, రెండూ కలపాలి. సరిచూసుకోవడానికి కాన్ఫరెన్స్ పన్ను రిటర్న్ తీయండి. లాభాపేక్ష లేని సంస్థలు కాబట్టి అది బహిరంగ పత్రం, ఏ స్కూలుకి ఎంత ఇచ్చారో పేరుతో సహా ఉంటుంది. కొత్తగా చేరిన స్కూళ్లకి తక్కువ వాటా ఉంటుందని పడమటి తీరం గారు చెప్పారు కదా, సగటు చూసి మోసపోకండి.

ఖర్చు వైపు కోచ్‌ల తొలగింపు చెల్లింపులు, అప్పు మీద కట్టేది, చిన్న స్కూళ్లకి ఆటకి ఇచ్చే గ్యారంటీలు చూడండి. చిన్న స్కూలుని పిలిచి ఓడించడానికి పెద్ద స్కూలు కట్టే మొత్తం అది. 2024లో నోట్రడామ్ 1.4 మిలియన్లు ఇచ్చి నార్తర్న్ ఇల్లినాయ్‌ని పిలిచి 16-14తో ఓడిపోయింది. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకండి, వరసగా రెండేళ్లు తీయండి. హోమ్ గేమ్‌ల సంఖ్య పక్కన రాసుకోండి. 2025-26 రిపోర్టు నుంచి ఆటగాళ్లకి ఇచ్చిన వాటా కూడా ఖర్చులో చేరుతుంది కాబట్టి దాన్ని పాత ఏళ్లతో నేరుగా పోల్చకూడదు, ఆ మొత్తం తీసేసి పోల్చండి.